స్టాప్‌వాచ్ బంతి పట్టదు

2008 నవంబరు 1, టెక్సస్‌లోని లబక్. కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ ఆట ముగియడానికి ఇంకా ఎనిమిది సెకన్లు. దేశంలో నంబర్ వన్‌గా ఉన్న టెక్సస్ యూనివర్సిటీ 33-32తో ఒక్క పాయింటు ముందుంది. టెక్సస్ టెక్ క్వార్టర్‌బ్యాక్ గ్రాహం హారెల్ కుడివైపు గీత దగ్గరికి బంతి విసిరాడు. మైకేల్ క్రాబ్‌ట్రీ బంతికేసి తిరిగి దాన్ని ఒడిసిపట్టాడు. ఇద్దరు మీదికొచ్చారు. ఒకడు పట్టుకుని గీత బయటికి లాగబోయాడు. క్రాబ్‌ట్రీ ఆ గీత పక్కనే నిలదొక్కుకుని, విదిలించుకుని ఎండ్‌జోన్‌లోకి వెళ్ళి టచ్‌డౌన్ చేశాడు. గడియారంలో ఒక్క సెకను మిగిలింది.

తర్వాతి ఏప్రిల్‌లో ప్రొఫెషనల్ లీగు ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్ జరిగింది. ఏడో స్థానంలో ఓక్లండ్ రైడర్స్‌కి అవకాశం వచ్చింది. వాళ్ళకి రిసీవర్ కావాలి. క్రాబ్‌ట్రీ ఇంకా మిగిలే ఉన్నాడు. 2007లో ఒక్క సీజన్లో 134 క్యాచ్‌లు, 1,962 గజాలు, 22 టచ్‌డౌన్లు చేసినవాడు, దేశంలో మేటి రిసీవర్‌కిచ్చే బిలెట్నికాఫ్ అవార్డును వరసగా రెండేళ్ళు గెలిచినవాడు. రైడర్స్ అతన్ని వదిలేసి మేరీలాండ్ కుర్రాడు డేరియస్ హేవర్డ్-బేని తీసుకున్నారు. కారణం ఒక అంకె: 4.30 సెకన్లు. ఆ ఏడాది నలభై గజాల పరుగులో అదే అందరికంటే మెరుగైన సమయం. క్రాబ్‌ట్రీ దగ్గర ఆ అంకే లేదు. పాదంలో ఎముక చిట్లినట్టు తేలడంతో అతను పరిగెత్తలేదు. చివరికి అతన్ని పదో స్థానంలో శాన్‌ఫ్రాన్సిస్కో తీసుకుంది. మొదటి సీజన్లో హేవర్డ్-బే పట్టినవి తొమ్మిది బంతులు. ఒప్పందం కుదరక ఆలస్యంగా చేరిన క్రాబ్‌ట్రీ పదకొండు ఆటల్లోనే 48 పట్టాడు.

హేవర్డ్-బేది ఇందులో ఏ తప్పూ లేదు. లీగులో పదేళ్ళు నిలిచాడు, 2011లో మంచి సీజన్ కూడా ఆడాడు. తప్పు అతన్ని ఎంచినవాళ్ళది. ఆటలో కళ్ళెదుట జరిగినదాన్ని పక్కనపెట్టి, ఆట కానిదాన్ని కొలిచి, ఆ కొలతకి కోట్ల డాలర్లు కట్టబెట్టారు. ఇప్పటికీ ఏటా అదే జరుగుతోంది. నా కోపం దానిమీదే.

ఈ ఆట అలవాటు లేనివాళ్ళకి నాలుగు మాటలు. క్వార్టర్‌బ్యాక్ విసిరే బంతిని దూరంగా వెళ్ళి పట్టేవాడు వైడ్ రిసీవర్. డ్రాఫ్ట్ అంటే ఏటా ఏప్రిల్‌లో 32 జట్లు వరసలో నిలబడి కాలేజీ ఆటగాళ్ళని ఏడు రౌండ్లలో పంచుకోవడం. దానికి రెండు నెలల ముందు ఇండియానాపోలిస్‌లో కంబైన్ అని ఒక పరీక్ష పెడతారు. ఎత్తు, బరువు, అరచేతి వెడల్పు, చేతి పొడవు, ఎగిరే ఎత్తు, అన్నీ కొలుస్తారు. కానీ టీవీల్లో మోగేది మాత్రం ఒక్కటే: ఫార్టీ. నలభై గజాల పరుగు.

ఆ పరుగెలా ఉంటుందో దగ్గరికెళ్ళి చూడండి. కుర్రాడు ఒంగి ఒక చేయి నేలకి ఆనించి నిలబడతాడు. తనకి ఎప్పుడు బుద్ధిపుడితే అప్పుడు లేస్తాడు. తల మీద హెల్మెట్ లేదు, భుజాల మీద ప్యాడ్లు లేవు. ఎదురుగా మనిషి లేడు. మలుపు లేదు. బంతి లేదు. నిజమైన ఆటలో రిసీవర్ నిటారుగా నిలబడి కదులుతాడు, చేయి నేలకి ఆనించడు. అంటే జీవితంలో ఎప్పుడూ వాడని భంగిమ నేర్చుకోవడానికి ఈ కుర్రాళ్ళు జనవరి, ఫిబ్రవరి నెలలంతా శిక్షణ కేంద్రాల్లో గడుపుతున్నారు. ఆ రెండు నెలలూ బంతి పట్టడం మీద పెట్టి ఉంటే ఎంత మేలు!

ఇక రిసీవర్ అసలు పని చూడండి. రిసీవర్ పరిగెత్తే బాటని రూట్ అంటారు. స్లాంట్ అనే రూటే తీసుకుందాం. తిన్నగా మూడడుగులు వేసి, బయటి పాదం మీద నాటుకుని, ఒక్కసారిగా లోపలికి కోసుకుపోవాలి. ఎదురుగా అతన్ని కాపుకాసే కార్నర్‌బ్యాక్ ఛాతీ మీద చేతులు వేసి ఆపుతాడు. మొదటి ఐదు గజాల్లో అలా ఆపే హక్కు అతనికి నిబంధనల్లోనే ఉంది. ఆ చేతుల్ని కొట్టి తప్పించుకోవాలి. మూడో అడుగు పడేవరకు ఎటు తిరుగుతాడో భుజాలు చెప్పకూడదు, కళ్ళు చెప్పకూడదు. తిరిగేసరికి బంతి అప్పటికే గాల్లో ఉంటుంది. అది చేతికందే క్షణంలోనే పక్కనుంచి వంద కిలోల మనిషి వచ్చి పక్కటెముకల్లో గుద్దుతాడు. అప్పుడూ బంతి జారకూడదు. ఇందులో నలభై గజాల పరుగు ఎక్కడుంది? పన్నెండు గజాలు పూర్తి వేగంతో వెళ్ళి రెండడుగుల్లో ఆగిపోయే రూట్లున్నాయి. అక్కడ గెలిచేది పరుగెత్తేవాడు కాదు, ఆగగలిగేవాడు. తుంటి దించి వేగాన్ని చంపగలిగినవాడి దగ్గర కార్నర్‌బ్యాక్ మూడు గజాలు ముందుకి జారిపోతాడు. ఆ మూడు గజాల ఖాళీయే రిసీవర్ సంపాదన.

"అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలదా?" అంటారు కంబైన్‌ని వెనకేసుకొచ్చేవాళ్ళు. చాలు. కానీ ఆ మెతుకు ఆ కుండలోదై ఉండాలి. మూడేళ్ళు, నాలుగేళ్ళు ఈ కుర్రాడు ఆడిన ప్రతి ఆటా, ప్రతి అడుగూ వీడియోలో ఉంది. ఆ కుండని పొయ్యి మీదే వదిలేసి పక్కింటి మెతుకు తెచ్చి నలుపుతున్నారు.

దీన్నే పట్టుకుని ఎందుకు వేలాడుతున్నారు? జట్ల కోసం ఆటగాళ్ళని వెతికే స్కౌట్లకి తెలియక కాదు. రాత్రింబవళ్ళు వీడియోలు చూసేది వాళ్ళే, నేను రాసిందంతా నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. అంకె వాళ్ళని కాపాడుతుంది, అందుకు. 4.3 పరిగెత్తినవాడిని తీసుకుని అతను విఫలమైతే, "అంత వేగం ఉన్నవాడు, ఎవరైనా తీసుకునేవారే" అని చెప్పుకోవచ్చు. 4.6 వాడిని తీసుకుని విఫలమైతే, "కళ్ళు కనబడలేదా, స్టాప్‌వాచ్ చూడలేదా" అని ఊరంతా అడుగుతుంది, ఉద్యోగం ఊడుతుంది. అది పిరికితనం. ఆ పిరికితనానికి శాస్త్రమని పేరు పెట్టారు.

2017 డ్రాఫ్ట్ ఒక్కటి చాలు. వాషింగ్టన్ యూనివర్సిటీ కుర్రాడు జాన్ రాస్ 4.22లో పరిగెత్తి కంబైన్ రికార్డు బద్దలుకొట్టాడు. కాలేజీలోనూ బాగానే ఆడాడు, కాదనను. కానీ ఆ పరుగు తర్వాత అతని పేరు పైకి పాకి, సిన్సినాటి బెంగాల్స్ అతన్ని తొమ్మిదో స్థానంలో తీసుకుంది. మొదటి సీజన్లో అతను పట్టిన బంతులు సున్నా. గాయాలు కూడా వెంటాడాయి పాపం. అదే డ్రాఫ్ట్‌లో కూపర్ కప్ అనే కుర్రాడున్నాడు. ఈస్టర్న్ వాషింగ్టన్ అనే చిన్న యూనివర్సిటీలో నాలుగేళ్ళలో 428 క్యాచ్‌లు, 6,464 గజాలు, 73 టచ్‌డౌన్లు. నలభై గజాలు 4.62. అతని వంతు వచ్చేసరికి 68 మంది వెళ్ళిపోయారు. మూడో రౌండ్లో రామ్స్ జట్టు తీసుకుంది. 2021 సీజన్లో కప్ 145 బంతులు, 1,947 గజాలు, 16 టచ్‌డౌన్లతో మూడింటిలోనూ లీగులో మొదటివాడయ్యాడు. 2022 ఫిబ్రవరిలో లీగు ఫైనల్ సూపర్ బౌల్ ఆఖరి నిమిషాల్లో గెలుపు టచ్‌డౌన్ పట్టిందీ, ఆ ఆటలో ఉత్తముడిగా నిలిచిందీ అతనే. ఎదుటి జట్టు ఎవరనుకున్నారు? సిన్సినాటి బెంగాల్స్.

కప్‌ని తీసుకున్న ఆరేళ్ళకి అదే రామ్స్ ఐదో రౌండ్లో, 177వ స్థానంలో పూకా నకువాని తీసుకుంది. 105 క్యాచ్‌లు, 1,486 గజాలు. అప్పటికి ఆ రెండూ తొలి సీజన్ ఆటగాడి రికార్డులే. రామ్స్ హెడ్ కోచ్ శాన్ మెక్వే, జనరల్ మేనేజర్ లెస్ స్నీడ్ ఇటీవలి ఏళ్ళలో కంబైన్‌కి వెళ్ళడమే మానేశారు. మిగతావాళ్ళకి అర్థం కావడానికి ఇంకేం కావాలి?

ఇంకా వెనక్కి వెళ్తే జెర్రీ రైస్. మిసిసిపీలోని క్రాఫర్డ్‌లో పెరిగాడు, తండ్రి తాపీమేస్త్రీ. మన ఊళ్ళలో ఇల్లు కట్టేచోట ఇటుకలు కిందనుంచి విసురుతుంటే సారవ మీద నిలబడినవాడు అందుకోవడం చూసే ఉంటారు. రైస్ కూడా అన్నదమ్ములు విసిరే ఇటుకల్ని అలాగే అందుకుంటూ పెరిగాడు. ఇటుకని గట్టిగా అడ్డుకుంటే చేయి చీరుకుపోతుంది. వచ్చే వేగంతోపాటే చేతిని వెనక్కి లాగి మెత్తగా పట్టాలి. ఆ ఒడుపు ఏ స్టాప్‌వాచీలో కనిపిస్తుంది? పరుగులో మందకొడి అన్నారు, 4.6కి పైమాటే అన్నారు. 1985లో అతనికంటే ముందు ఇద్దరు రిసీవర్లని తీసుకున్నారు. రైస్ పదహారో స్థానంలో వెళ్ళి 22,895 గజాలు సంపాదించాడు. రెండో స్థానంలో ఉన్న లారీ ఫిట్జెరాల్డ్ అయిదు వేల గజాలకి పైగా వెనకబడి ఉన్నాడు.

వేగం అక్కర్లేదని నేననడం లేదు. 4.21తో రాస్ రికార్డు కొట్టిన జేవియర్ వర్తీ 2025 సూపర్ బౌల్‌లో 157 గజాలు సంపాదించాడు, చూశాను. మరీ నిదానమైనవాడు ఈ లీగులో బతకలేడు. కాబట్టి ఫార్టీని పాస్ మార్కుగా వాడండి. అది దాటాక ఆ కాగితం చించేయండి, దాంతో ర్యాంకులు వేయకండి. వీడియో చూసేవాళ్ళూ తప్పుతారు, అదీ ఒప్పుకుంటాను. 2020లో జస్టిన్ జెఫర్సన్‌ని "మధ్యలో నిలబెడితేనే పనికొస్తాడు" అని తేల్చారు. ఫిలడెల్ఫియా 21వ స్థానంలో జేలెన్ రేగర్‌ని తీసుకుంటే, 22వ స్థానంలో మిన్నెసోటాకి జెఫర్సన్ దొరికాడు. మొదటి ఏడాదే 1,400 గజాలు. కానీ ఆటని చూసి తప్పుపడితే మళ్ళీ చూసి దిద్దుకోవచ్చు. ఆటే చూడనివాడు దేన్ని దిద్దుకుంటాడు?

ఈ తప్పులకి మూల్యం చెల్లించేది ఎంపిక చేసినవాళ్ళు కాదు. 2011 నుంచి కొత్త ఆటగాడి జీతం ఏ స్థానంలో తీసుకున్నారన్నదాన్ని బట్టే ఖరారవుతోంది. తొమ్మిదో స్థానానికీ అరవై తొమ్మిదో స్థానానికీ ఎన్నో రెట్ల తేడా. ఒక్క మోకాలి గాయంతో ముగిసిపోయే వృత్తిలో ఆ మొదటి నాలుగేళ్ళ డబ్బే చాలామందికి ఆఖరి డబ్బు కూడా. 2021లో అమన్-రా సెయింట్ బ్రౌన్‌ని నాలుగో రౌండ్ దాకా, 112వ స్థానం దాకా కూర్చోబెట్టారు. తనకంటే ముందు తీసుకున్న పదహారు మంది రిసీవర్ల పేర్లూ అతను వరసగా అప్పజెప్తాడు. ఇప్పుడతను డెట్రాయిట్‌లో లీగు మొత్తానికే మేటి రిసీవర్లలో ఒకడు. అయినా ఆ పేర్లు మర్చిపోలేదు.

ఈ రోగం ఇప్పుడు హైస్కూలు దాకా దిగింది. మా తమ్ముడి కొడుకు టెక్సస్‌లో పదకొండో తరగతి, స్కూలు జట్టులో రిసీవర్. నిరుడు ఎండాకాలం డబ్బు కట్టి ఒక క్యాంపుకి వెళ్ళొచ్చాడు. చేతిలో ఒక కాగితం: ఎత్తు, బరువు, ఎగిరిన ఎత్తు, ఫార్టీ 4.81, పక్కన ర్యాంకు. "పెదనాన్నా, నా నంబర్ బాలేదు, ఇక మానేస్తా" అన్నాడు. మావాడి మొహం చూస్తే ఎంసెట్ ఫలితాల రోజు మా వీధి గుర్తొచ్చింది. ఆ కాగితం రెండువైపులా తిప్పి చూశాను. ఎన్ని బంతులు వేశారు, ఎన్ని పట్టాడు అన్న గడి ఎక్కడా లేదు. శుక్రవారం రాత్రి ఆటల్లో వాడు మలుపు తిరిగే తీరు నేను చూశాను. మూడో అడుగు దాకా ఎదుటివాడికి ఏమీ తెలియనివ్వడు.

ఫ్రిస్కోలో, న్యూజెర్సీలో, మరెక్కడైనా సరే ఈ ఆట ఆడే పిల్లలున్న తెలుగు తల్లిదండ్రులకి నా మనవి ఒకటే. ఆ కాగితం అడగకండి. శుక్రవారం సాయంత్రం వెళ్ళి గ్యాలరీలో కూర్చోండి. బంతి ఎటు పోతోందో కాసేపు వదిలేసి మీ పిల్లవాడి పాదాలు చూడండి.