గినీపిగ్ కొనేముందు అడగాల్సింది వంశం గురించే

గినీపిగ్‌ను పెంచుకోవాలనుకునేవారు దాని రంగునూ వెంట్రుకల మెరుపునూ చూస్తారు గానీ, దాని ఆరోగ్యాన్ని ఎంతగానో ప్రభావితం చేసే తల్లిదండ్రుల బంధుత్వాన్ని అడగరు. ఒకే ఈతలో పుట్టినవాటినో, తండ్రినీ కూతురినో జతకట్టించి పిల్లలు తీయడాన్ని అంతఃప్రజననం అంటారు. ప్రతి జీవిలోనూ కొన్ని హానికర జన్యువులు అంతర్గతంగా ఉంటాయి. జతలోని రెండో జన్యువు సరైనదైతే వాటి చెడు బయటపడదు. తల్లిదండ్రులు దగ్గరి బంధువులైనప్పుడు మాత్రం ఒకే లోపం ఇద్దరి నుంచీ సంతానానికి సంక్రమించే అవకాశం పెరిగి, దాగి ఉన్న దోషం వ్యాధిగా వెల్లడవుతుంది.

ఈ నష్టాన్ని శాస్త్రం గినీపిగ్‌లలోనే సవివరంగా పరిశీలించింది. అమెరికా వ్యవసాయ శాఖ 1906లో మొదలుపెట్టి, తోబుట్టువులనే తరతరాలుగా జతకట్టిస్తూ వచ్చిన ప్రయోగాన్ని తరువాత చేపట్టిన జన్యుశాస్త్రవేత్త సీవాల్ రైట్, ఈతకు పుట్టే పిల్లల సంఖ్య, వాటి బరువు, బతికే శాతం, క్షయను తట్టుకునే శక్తి తగ్గిపోయాయనీ, వేర్వేరు కుటుంబాలను కలిపినప్పుడు ఆ సత్తువ చాలావరకు తిరిగి వచ్చిందనీ గుర్తించారు. ఒకే పూర్వికుడి జన్యువు తల్లిదండ్రులిద్దరి నుంచీ సంతానానికి అందే అవకాశాన్ని కొలిచే అంతఃప్రజనన గుణకాన్ని ఆయన 1922లో ప్రకటించారు. దాని ప్రకారం, తెలుగునాట సుపరిచితమైన మేనరికంలో పుట్టే బిడ్డకు ఆ విలువ 6.25 శాతం, మేనమామ–మేనకోడళ్ల సంతానానికి 12.5 శాతం కాగా, తోబుట్టువుల సంతానానికి అది 25 శాతం. అదే పద్ధతి కొనసాగితే మూడో తరానికి 50 శాతానికి చేరుతుంది. ఆడ గినీపిగ్ నెలా నెలన్నర వయసుకే ఎదకు వచ్చి, సుమారు 59 నుంచి 72 రోజుల్లో ఈనుతుంది కాబట్టి ఒక పంజరంలో మూడు తరాలు గడవడానికి ఏడాది చాలు.

అయితే ప్రతి రోగాన్నీ వంశానికే అంటగట్టడం సరికాదు. శరీరంలో విటమిన్ సి తయారు కాకపోవడం, పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉండడం ఈ జాతి మొత్తానికీ ఉన్న లక్షణాలు. రోన్ అనే కలగలుపు రంగు జన్యువున్న రెండింటిని జతకట్టిస్తే, సగటున నాలుగో వంతు పిల్లలు తెల్లగా, కళ్లూ పళ్లూ సరిగా ఏర్పడకుండా పుట్టడం బంధుత్వం లేకున్నా జరిగేదే. ఒకే కుటుంబంలో జతలు కడితే ఆ ప్రమాదం మరింత పెరుగుతుంది.

బలహీన వంశపు జీవికి రావులపాలెం వంటి డెల్టా పట్టణపు వాతావరణం మరో పరీక్ష. చల్లని ఆండీస్ పర్వతాలకు చెందిన ఈ జంతువు 30 డిగ్రీలు దాటిన ఉక్కపోతలో వడదెబ్బకు గురవుతుంది. అరటి మార్కెట్‌కు పేరున్న ఈ ఊరిలో పండ్లు చేతికి అందుతాయి గనుక వాటినే మేపడం సులువనిపించినా, తీపి ఎక్కువై విటమిన్ సి తక్కువైన అరటిపండు దానికి ఆహారం కాలేదు. రోజూ పుష్కలంగా గడ్డి, దానితోపాటు కొత్తిమీర, చిన్న జామ ముక్క పెట్టడమే మేలు.

బంధుత్వంలో పుట్టిన గినీపిగ్‌ను చేరదీయడం తప్పు కాదు. దానికి పిల్లలు తీయించడమే తప్పు. తెచ్చుకునేటప్పుడు పళ్ల వరుసనూ కళ్లనూ ఊపిరినీ బరువునూ పశువైద్యునికి చూపించాలి. నోటి ద్వారా ఇచ్చే పెన్సిలిన్ తరహా మందులు దీని పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులను చంపి ప్రాణాలు తీయగలవు కనుక సొంత వైద్యం అసలే కూడదు. మగపిల్లలను మూడు వారాలకే తల్లి నుంచి, ఆడ తోబుట్టువుల నుంచి వేరుచేయాలి. కేంద్రం 2018లో తెచ్చిన పెట్ షాప్ నిబంధనలు గినీపిగ్‌లకూ వర్తిస్తాయి, దుకాణాల రిజిస్ట్రేషన్‌ను తప్పనిసరి చేస్తున్నాయి. రాష్ట్ర జంతు సంక్షేమ మండలి మరో అడుగు వేసి, అమ్మే ప్రతి గినీపిగ్‌కూ తల్లిదండ్రుల వివరాల పత్రం ఇవ్వాలని ఆదేశిస్తే, మూగజీవుల కష్టం పుట్టకముందే ఆగుతుంది. ఆ ఆదేశం వచ్చేదాకా, వివరం చెప్పలేని చోట కొనకుండా వెనుదిరగడం కొనుగోలుదారుల బాధ్యత.