స్టోర్డ్ ప్రొసీజర్ల కోసం విజువల్ స్టూడియో ప్రొఫెషనల్ కొనాలా? నా ఓటు కమ్యూనిటీకే

కొత్త ల్యాప్‌టాప్ కొన్న ప్రతి జూనియరూ అడిగే ప్రశ్న ఇది: "అన్నా, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో స్టోర్డ్ ప్రొసీజర్లు రాయాలి, డీబగ్ కూడా చేయాలి. విజువల్ స్టూడియో ఏ ఎడిషన్ వేసుకోమంటావు?" ఈ డౌట్‌ని సొమ్ము చేసుకునేవాళ్లకీ కొదవ లేదు. చవగ్గా ప్రొఫెషనల్ కీ ఇస్తామంటూ ఆన్‌లైన్‌లో బోలెడన్ని ప్రకటనలు కనిపిస్తాయి. అలాంటి కీలు కొనకండి. మీ పని స్టోర్డ్ ప్రొసీజర్లే అయితే ఐడీఈ మీద రూపాయి కూడా పెట్టక్కర్లేదు. ఆలోచించి ఎంచుకోవాల్సింది డేటాబేస్ సర్వర్ ఎడిషన్‌ని.

"ఫ్రీ వెర్షన్‌లో డీబగ్గర్ ఉండదు" అన్న మాట ఊరికే పుట్టలేదు. విజువల్ స్టూడియో 2005 రోజుల్లో ఉచిత ఎక్స్‌ప్రెస్ ఎడిషన్లలో స్టోర్డ్ ప్రొసీజర్ డీబగ్గింగ్ నిజంగానే లేదు. 2014లో కమ్యూనిటీ ఎడిషన్ వచ్చాక ఆ లెక్క మారింది, మాట మాత్రం అలాగే తిరుగుతోంది. ఇప్పుడు కమ్యూనిటీ ఇన్‌స్టాలర్‌లో డేటా స్టోరేజ్ అండ్ ప్రాసెసింగ్ అనే వర్క్‌లోడ్ టిక్ చేస్తే చాలు, ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటా టూల్స్ వచ్చేస్తాయి. డేటాబేస్ ప్రాజెక్ట్, స్కీమా కంపేర్, టీ-ఎస్‌క్యూఎల్ డీబగ్గర్ అన్నీ అందులోనే ఉంటాయి. ఆబ్జెక్ట్ ఎక్స్‌ప్లోరర్‌లో ప్రొసీజర్ మీద రైట్ క్లిక్ కొట్టి డీబగ్ ప్రొసీజర్ ఎంచుకుంటే, బ్రేక్‌పాయింట్ పెట్టి లైన్ లైన్‌గా వెళ్లొచ్చు. దీనికి సిస్‌అడ్మిన్ హక్కులు కావాలి. కాబట్టి సొంత మెషీన్‌లోనో టెస్ట్ సర్వర్‌లోనో చేయండి, ప్రొడక్షన్ జోలికి వెళ్లొద్దు. మేనేజ్‌మెంట్ స్టూడియోలో డీబగ్ బటన్ కోసం వెతికి విసిగిపోయేవాళ్లకు ఒక మాట: 2019లో వచ్చిన 18వ వెర్షన్‌లోనే దాన్ని తీసేశారు.

మరి నెలకు 45 డాలర్ల ప్రొఫెషనల్ సబ్‌స్క్రిప్షన్ ఎవరికి? ఇక్కడ తేడా ఫీచర్లలో కంటే లైసెన్స్‌లో ఎక్కువ. వ్యక్తిగా మీరు కమ్యూనిటీని దేనికైనా వాడుకోవచ్చు, ఫ్రీలాన్స్ సంపాదనకు కూడా. కంపెనీ అయితే రూల్ వేరు. 250కి మించి కంప్యూటర్లు గానీ, ఏడాదికి పది లక్షల డాలర్లకు మించి ఆదాయం గానీ ఉంటే మామూలు పనికి కమ్యూనిటీ వాడకూడదు. చిన్న కంపెనీలో ఐదుగురి వరకు వాడొచ్చు. చాలామందికి తెలియని మినహాయింపు ఇంకోటుంది. డేటా టూల్స్‌తో ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్ ప్రాజెక్టులు మాత్రమే చేసేవాళ్లు పెద్ద కంపెనీలో అయినా ఎంతమందైనా కమ్యూనిటీ వాడొచ్చని లైసెన్స్‌లోనే రాసి ఉంది. అదే కాపీలో ఆఫీసు సీ షార్ప్ ప్రాజెక్ట్ తెరిచారో, ఆ మినహాయింపు మీకు వర్తించదు. ఆ తేడా తెలియక ఆడిట్‌లో ఇరుక్కునేది టీమ్ లీడ్ కాదు, ఇన్‌స్టాల్ చేసిన ఫ్రెషరే.

ఇక అసలు విషయం, సర్వర్. కోచింగ్ క్లాసుల్లో ఉచితం కదా అని ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ ఇన్‌స్టాల్ చేయిస్తారు. డెవలపర్ ఎడిషన్ కూడా 2016 నుంచి ఉచితమే కదా, మరి ఎక్స్‌ప్రెస్ ఎందుకో నాకు అర్థం కాదు. ఎక్స్‌ప్రెస్‌లో ఎస్‌క్యూఎల్ ఏజెంట్ ఉండదు, అంటే రాత్రి రెండింటికి ప్రొసీజర్ దానంతటది నడిచేలా షెడ్యూల్ చేయడం నేర్చుకోలేరు. 2022 వెర్షన్ వరకు ఒక్కో డేటాబేస్‌కు 10 జీబీ పరిమితి కూడా ఉంది. డెవలపర్‌లో ఎంటర్‌ప్రైజ్ ఫీచర్లన్నీ ఉంటాయి, ప్రొడక్షన్‌లో వాడకూడదంతే.

ఆ "అన్నీ ఉంటాయి" అన్న దగ్గరే తంటా. మెయింటెనెన్స్ ప్రొసీజర్‌లో ఆన్‌లైన్ ఇండెక్స్ రీబిల్డ్ రాశారనుకోండి. మీ ల్యాప్‌టాప్‌లో చక్కగా నడుస్తుంది. క్లయింట్ దగ్గర స్టాండర్డ్ ఎడిషన్ ఉంటే అదే ప్రొసీజర్ ఎర్రర్ కొడుతుంది, ఎందుకంటే అది ఎంటర్‌ప్రైజ్ ఫీచర్. మీ కోడ్‌లో తప్పేమీ లేకపోయినా తిట్లు మీకే. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2025లో స్టాండర్డ్ డెవలపర్ అనే ఉచిత ఎడిషన్ వచ్చింది చూడండి, నా దృష్టిలో ఆ రిలీజ్‌లో ఏఐ హడావుడి కంటే పనికొచ్చేది అదే. ఉద్యోగంలో చేరగానే ప్రొడక్షన్‌లో ఏ ఎడిషన్ ఉందో అడిగి, దానికి సరిపోయే డెవలపర్ ఎడిషన్ వేసుకోండి.

ఒరాకిల్ వాళ్లకు ఇంత గొడవ లేదు. ఎస్‌క్యూఎల్ డెవలపర్ ఉచితం, పీఎల్/ఎస్‌క్యూఎల్ డీబగ్గర్ అందులోనే వస్తుంది. జెట్‌బ్రెయిన్స్ డేటాగ్రిప్ కూడా 2025 అక్టోబర్ నుంచి నాన్-కమర్షియల్ వాడకానికి ఫ్రీ. నేర్చుకునేవాళ్లకు బాగుంటుంది, ఆఫీసు పనికి మాత్రం లైసెన్స్ కావాలి.

ల్యాప్‌టాప్ ఇంకా కొననివాళ్లకు ఒక్క మాట. విజువల్ స్టూడియో ఫర్ మ్యాక్‌ని 2024 ఆగస్టు 31తో ఆపేశారు. ఎం-సిరీస్ మ్యాక్‌లో ఎస్‌క్యూఎల్ సర్వర్‌ని డాకర్‌లో రోజెట్టా సాయంతో నడిపించొచ్చు గానీ, పైన చెప్పిన డీబగ్గర్ అక్కడ దొరకదు. స్నాప్‌డ్రాగన్ విండోస్ ల్యాప్‌టాప్‌లలో ఎస్‌క్యూఎల్ సర్వర్‌ని నేరుగా ఇన్‌స్టాల్ చేయడానికి సపోర్ట్ లేదు. బ్యాటరీ ఎంత బాగా వచ్చినా సరే, ఈ పని కోసమే కొంటుంటే ఇంటెల్ లేదా ఏఎమ్‌డీ ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్ చూసుకోండి. ప్రొఫెషనల్ ఎడిషన్‌కు పెట్టాలనుకున్న డబ్బులు ఆ ర్యామ్‌కే పెట్టండి.