తప్పని ఎప్పుడు ఒప్పుకుంటారు?

మా పిన్ని కూతురి పెళ్లికి జాతకాలు దివ్యంగా కుదిరాయన్నారు. 36కి 29 పాయింట్లు! ఏడాదిన్నర తిరక్కుండానే పిల్ల సూట్‌కేసుతో పుట్టింటికి వచ్చేసింది. పిన్ని వెళ్లి అడిగితే సిద్ధాంతిగారు తడుముకోకుండా, "పుట్టిన టైము సరిగ్గా రాసుండరమ్మా" అన్నారట. చుట్టాలేమో "జాతకాలు మంచివే, పిల్లే సర్దుకోలేదు" అన్నారు. కాపురం నిలబడితే జాతకం గొప్ప. కూలిపోతే పిల్ల తప్పు. ఎటు తిప్పినా జాతకం మాత్రం ఓడిపోదు!

ఆ రాత్రి నాకు కార్ల్ పాపర్ గుర్తొచ్చాడు. బి.ఏ.లో ఫిలాసఫీ పరీక్ష కోసం రెండు పేరాలు బట్టీపట్టిన పేరు. అప్పుడు అర్థం కాలేదు గానీ ఇప్పుడయింది.

పాపర్ 1902లో వియన్నాలో ఓ లాయరుగారింట పుట్టాడు. 1919లో, ఇంకా కుర్రాడుగా ఉండగానే, మనస్తత్వవేత్త ఆల్‌ఫ్రెడ్ ఆడ్లర్ నడిపే పిల్లల కేంద్రాల్లో పనిచేశాడు. ఓ పిల్లవాడి సంగతి చెబితే, వాణ్ని చూడనైనా చూడకుండా అంతా ఆత్మన్యూనతే అని తేల్చేశాడట ఆడ్లర్. ఎలా చెప్పగలరంటే, ఇలాంటివి వెయ్యి చూసిన అనుభవమన్నాడట. దీంతో ఆ అనుభవం వెయ్యిన్నొకటి అయిందన్నమాట అని అంటించాడు కుర్రాడు.

సరిగ్గా ఆ ఏడాదే మే 29న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. సూర్యుడి పక్కనుంచి వచ్చే నక్షత్రాల వెలుగు ఎంత వంగాలో ఐన్‌స్టీన్ ముందే లెక్కకట్టి చెప్పాడు. అలా వంగకపోతే సిద్ధాంతం పోయినట్టే. బ్రిటిష్ శాస్త్రజ్ఞులు ఫొటోలు తీసి చూస్తే లెక్క కుదిరింది. పాపర్‌ని కట్టిపడేసింది ఆ గెలుపు కాదు, ఓడిపోవడానికి సిద్ధపడిన ఆ ధైర్యం. ఏం జరిగితే తాను తప్పని తేలుతుందో ముందే చెప్పగలిగేదే సైన్సు అన్నాడు. 1934లో ఆ ఆలోచనే పుస్తకంగా వచ్చింది.

అలా పరీక్షకి నిలబడనివన్నీ పనికిరానివని ఆయన అనలేదు. వాటిని సైన్సు అనొద్దన్నాడు, అంతే. నాకూ అదే న్యాయమనిపిస్తుంది. దేవుడికి దణ్ణం పెట్టుకోవడానికి ఏ పరీక్షా అక్కర్లేదు. ఓ పిల్ల మీద నింద వేయడానికి మాత్రం కావాలి.

ఆయన జీవితం చదువుతుంటే భార్య హెన్నీ కనబడింది. ఆవిడా టీచరే. ఆయన యూదు వంశంలో పుట్టినవాడు. నాజీల ముప్పు ముంచుకొస్తుంటే 1937లో ఇద్దరూ న్యూజీలాండ్ వెళ్లిపోయారు. అక్కడ నియంతృత్వానికి వ్యతిరేకంగా ఆయన రాసిన పెద్ద పుస్తకాన్ని ఆవిడే మళ్లీ మళ్లీ టైపు చేసింది. అది 1945లో అచ్చయింది. విమర్శని ఆహ్వానించమని లోకానికి చెప్పిన ఆయన, తనని విమర్శిస్తే సహించలేకపోయేవాడని శిష్యులే చెప్పారు. చెప్పడం తేలిక, పాటించడమే కష్టం!

ఆయన దాకా ఎందుకు, నా సంగతే చూడండి. మా అమ్మాయికి మార్కులు తగ్గితే ఫోను వల్లే అన్నాను. పెరిగితే నేను తిట్టబట్టే అన్నాను. "మరి నీ మాట ఎప్పుడు తప్పవుతుందమ్మా?" అనడిగింది. పోపు మాడుతోందని వంటింట్లోకి తప్పుకున్నాను.

ఇప్పుడు పిన్ని మళ్లీ సంబంధాలు చూస్తోంది. మళ్లీ జాతకాలు బయటికొచ్చాయి. మానెయ్యమంటే మానదని నాకు తెలుసు. అందుకే ఒక్క మాట చెప్పాను. "ఈసారి సిద్ధాంతిగారిని ముందే అడుగు పిన్నీ. ఏం జరిగితే ఈ పొంతన తప్పని ఒప్పుకుంటారో కాగితం మీద రాసిమ్మను. ఆయన రాయలేకపోతే, రేపు ఏం జరిగినా మన పిల్లని మాత్రం అనకూడదు."

పిన్ని ఏమీ అనలేదు. చీటీలో రాసుకుని పర్సులో పెట్టుకుంది.