చట్టం కాకముందే ఊరి మాట వినాలి

పెళ్లయ్యాక జాతకాలు చూసినట్లుంది పల్లెల్లో చట్టాల సంగతి. బిల్లు ఎప్పుడు పెట్టారో, ఎప్పుడు ఆమోదించారో రైతుకు తెలియదు. పని మీద తహసీల్దారు కార్యాలయానికి పోయిన రోజున "రూలు మారింది" అన్న మాట వినబడుతుంది. అప్పటికి చేయగలిగేది ఏమీ ఉండదు.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని లాస్ ఏంజెలిస్ నగరంలో పద్ధతి వేరు. అక్కడి నగర పాలక మండలిలో 15 మంది సభ్యులు. రాష్ట్ర చట్టసభలో నగరానికి సంబంధించిన బిల్లు వస్తే ఒక సభ్యుడు తీర్మానం ప్రతిపాదిస్తాడు. నగర సిబ్బంది ఆ బిల్లును చదివి నివేదిక రాస్తారు. మండలి కమిటీ దానిని పరిశీలిస్తుంది. పౌరులు కూడా వచ్చి మాట్లాడవచ్చు. ఆ తర్వాత మండలిలో ఓటింగు జరుగుతుంది. కావాలి, వద్దు అన్న రెండు మాటలే కాదు, "ఫలానా సవరణ చేస్తేనే సరే" అనే మూడో మాటకూ అక్కడ చోటుంది.

రైలు స్టేషన్ల దగ్గర ఎత్తయిన ఇళ్లు కట్టనివ్వాలని 2018లో ఒక బిల్లు వచ్చింది. ఆ ఏడాది మార్చిలో నగర మండలి దానిని ఏకగ్రీవంగా వ్యతిరేకించింది. ఏప్రిల్లో బిల్లు చట్టసభ కమిటీలోనే వీగిపోయింది. 2025లో అటువంటి బిల్లే మళ్లీ వచ్చింది. ఇళ్ల నిర్మాణానికి రాష్ట్రం ఆమోదించిన ప్రణాళిక ఉన్న నగరాలను మినహాయించాలని, లేకుంటే బిల్లు వద్దని మండలి ఆగస్టులో 8–5 ఓట్లతో తీర్మానించింది. అయినా బిల్లు నెగ్గింది. అక్టోబరులో గవర్నరు సంతకం చేశారు.

నగరం మాట ఒకసారి నెగ్గింది, ఒకసారి ఓడింది. కాని రెండుసార్లూ ఆ మాట చట్టం కాకముందే కాగితం మీదికి ఎక్కింది. ఎవరు అవునన్నారో, ఎవరు కాదన్నారో జనానికి తెలిసింది. గమనించవలసింది ఇదే.

మన దేశంలో ఈ ఆలోచన బొత్తిగా లేదని కాదు. రాజ్యాంగం 3వ అధికరణం ప్రకారం రాష్ట్ర విభజన బిల్లును ఆంధ్రప్రదేశ్ శాసనసభ అభిప్రాయానికి పంపారు. 2014 జనవరి 30న సభ దానిని తిరస్కరించింది. ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించింది. మాట చెల్లినా చెల్లకున్నా రాష్ట్రాన్ని ఢిల్లీ అడిగింది. మరి ఊరిని రాష్ట్రం ఎందుకు అడగదు?

అడగకపోతే ఏమవుతుందో ల్యాండ్ టైట్లింగ్ చట్టం చూపింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ చట్టం 2023 అక్టోబరులో అమల్లోకి వచ్చింది. భూమి తగాదా సివిల్ కోర్టుకు బదులు ముందుగా అధికారి దగ్గరికి పోతుందంటూ న్యాయవాదులు విధులు బహిష్కరించారు. ఉన్న ఎకరం దక్కుతుందా పోతుందా అని రైతులు బెంగపడ్డారు. 2024 ఎన్నికల్లో ఊరూరా అదే చర్చ. ఆ ఏడాదే చట్టం రద్దయింది. చట్టం మంచిదా చెడ్డదా అన్నది వేరే సంగతి. ఆ భయాలూ అనుమానాలూ బిల్లు దశలోనే రచ్చబండ మీదికి వచ్చి ఉంటే, అయితే బిల్లు మారేది, లేదా భయం తీరేది.

1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగించదగినవిగా 29 అంశాలను పేర్కొంది. వ్యవసాయం, చిన్ననీటి వనరులు, తాగునీరు, భూసంస్కరణల అమలు అందులో ఉన్నాయి. అమలుకు పనికివచ్చే పంచాయతీ ఆలోచన చెప్పడానికి పనికిరాదా? ముసాయిదా బిల్లులను కనీసం 30 రోజులు ప్రజల ముందుంచాలని కేంద్రం 2014లో తన శాఖలకు చెప్పింది. రాష్ట్రాలు కూడా ఆ దారి పట్టాలి. ఈ 29 అంశాల మీద బిల్లు వస్తే, తెలుగు ప్రతి ప్రతి పంచాయతీకి చేరాలి. నెల గడువు ఇవ్వాలి. చదువుకున్న కుర్రాళ్లు గ్రామసభలో దానిని చదివి వినిపించాలి.

ప్రభుత్వం పంపేదాకా ఊరు ఆగనక్కరలేదు. బిల్లు వార్త పేపరులో రాగానే నలుగురూ కూర్చుని మాట్లాడుకోవచ్చు. ఏ మాట మార్చాలో రాసి, సంతకాలు పెట్టి, ఎమ్మెల్యే చేతికి ఇవ్వవచ్చు. వినతిపత్రం ఇవ్వడానికి ఎవరి అనుమతీ అవసరం లేదు. ఓటు అడగడానికి ఊరికి వచ్చే నాయకుడు, బిల్లుకు చెయ్యెత్తే ముందు కూడా ఒకసారి రావడం న్యాయం.