ఫిట్టరు మామయ్య రాళ్లకు అట్టముక్కల బీరువానా?

కాస్త పెద్ద పోస్టే. తిట్టాలనిపిస్తే తిట్టండి, కానీ మొత్తం చదివాక తిట్టండి.

పోయిన వారం కార్యవర్గం గ్రూపులో పెట్టిన షోకేసు ఫొటో అందరూ చూశారు. తెల్లటి లామినేషను, పల్చటి అద్దాల అరలు, లోపల లైట్లు. అందరూ "సూపర్" అన్నారు. అందులో పెట్టబోయే సరుకు బరువెంతని ఒక్కరూ అడగలేదు.

పొన్మలై రైల్వే వర్క్‌షాపులో పనిచేసిన మన ఫిట్టరు మామయ్య సెలవు దొరికితే రైలెక్కి అరియలూరు వైపు పోయేవారు. ఇప్పుడు సిమెంటుకు సున్నపురాయి తవ్వుతున్న ఆ నేల డైనోసార్ల కాలంలో సముద్రం. అక్కడ ఏరి తెచ్చిన అమ్మోనైట్లు, గవ్వలు, రాయిగా మారిన చెట్టుముక్కలు, ఒక్కోదానికి ఊరి పేరుతో తెలుగులో రాసిన చీటీ. ఆయన పోయాక అత్తయ్య అవన్నీ మనకిచ్చింది, పిల్లలు చూస్తారని.

లెక్క చూడండి. ఘనపుటడుగు రాయి దాదాపు 75 కిలోలు. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు అరలో ఆరంగుళాల ఎత్తుకు సందులు వదిలి సగమే నింపినా 55 కిలోలు దాటుతుంది. ఆ తెల్ల లామినేషను కింద ఉన్నది పార్టికల్ బోర్డు, అంటే రంపపు పొట్టూ జిగురూ. మా ఇంట్లో అలాంటి పుస్తకాల అర రెండు ఐప్పసి వానలకే ఉబ్బి, నడుము వంగి, స్క్రూలు ఊడొచ్చాయి. పుస్తకాలు కాబట్టి నవ్వుకున్నాం. ఈ షోకేసు పెట్టేది ఆదివారం తెలుగు క్లాసు జరిగే గదిలో. దాని పక్కనే నేల మీద పిల్లలు కూర్చుంటారు.

"రాళ్లే కదా, వాటికేమవుతుంది?" అని ఒక అన్న అడిగారు. అవుతుందన్నా. గవ్వలు, అమ్మోనైట్లు చాలావరకు సున్నపు పదార్థం. చవక బోర్డు నుంచీ, కొన్ని రకాల కొత్త చెక్క నుంచీ వచ్చే పుల్లటి ఆవిరి మూసిన అద్దాల పెట్టెలో నిలిచిపోతే వాటి మీద తెల్లటి పొడి పూస్తుంది. మెరిసే పైరైటు ఉన్న ముక్కలకు తేమ తగిలితే లోపల ఆమ్లం పుట్టి అవే పగిలిపోతాయి, పక్కనున్న చీటీనీ తినేస్తాయి. ఆ చీటీ పోతే మామయ్య తెచ్చింది ఏ ఊరి రాయో ఎవరికీ తెలియదు.

మరి ఏం కావాలి? ఇనుము. పౌడర్ కోటింగు వేసిన యాంగిల్ ఫ్రేము, స్టీలు రేకు అరలు, మధ్యలో ఒక నిలువు ఆధారం. అదే బరువు మోసే అర పొడవు రెండింతలైతే వంగడం ఎనిమిదింతలవుతుంది. అందుకే పొడుగాటి అర అందం, మనకొద్దు. బరువైనవి అడుగున. చిన్నవాటికి లోతు తక్కువ సొరుగులు, కింద ఫోము. ఫ్రేమును పైభాగంలో గోడకు బోల్టులతో బిగించాలి, పిల్లవాడు పట్టుకు వేలాడినా ఒరగకూడదు. అద్దం ముందువైపు మాత్రమే, అదీ టఫెన్డు. రాళ్లకు అద్దపు అర వద్దే వద్దు.

డబ్బు లేదంటారా? వార్షికోత్సవం శాలువాలకు, మెమెంటోలకు ఉన్న డబ్బు దీనికెందుకు లేదు? అద్దాలు వచ్చే ఏడాది పెట్టుకుందాం, ముందు ఫ్రేము రానీండి. పైగా మన సంఘంలో రిటైరైన వెల్డర్లు, ఫిట్టర్లు ఎంతమంది! జీవితమంతా రైలు బోగీలు బాగుచేసినవాళ్లు మనలో ఉండగా, మామయ్య రాళ్లకు రంపపు పొట్టు బీరువా కొనడం నాకు నామోషీగా ఉంది.

ఆదివారం మీటింగులో ఆ కొటేషనుకు నేను చెయ్యెత్తను. టేపూ తూకమూ తెస్తాను, పెట్టెలు విప్పి ఒక్కో రాయీ తూచుదాం. వెల్డింగు తెలిసిన అన్నలు పది గంటలకే రండి.