ఇంటి ముచ్చటలు: నీటిపై నొక యాదివారము



మా ఏర్పేడు పేరు విన్నవారికి ఏరు జ్ఞప్తికి వచ్చును గాని, మా ప్రాంతపు స్వర్ణముఖి సంవత్సరములో పెక్కు మాసములు ఇసుకదిన్నెయై యుండును. అందుచేత పడవ యనునది మాకు పురాణములలోని వస్తువే. గుహుడు శ్రీరాముని గంగ దాటించిన కథయు, సత్యవతి కన్యయై యుండి యమునలో నోడ నడిపిన కథయు భక్తితో జదువుకొంటిమి. అయినను మన యింటి పిల్ల పడవ యెక్కెద ననినచో మన గుండె ఝల్లుమనును.

అట్టి సంకటమే మొన్న మా కుటుంబమునకు వచ్చినది. మా అక్కగారి కుమార్తె హైదరాబాదులో జదువుచున్నది. ఒకనాడు టెలిఫోనులో, "చిన్నమ్మా, వచ్చు నాదివారము స్నేహితురాండ్ర మందరము హుస్సేనుసాగరమున తెరచాప పడవలలో విహరింపబోవుచున్నాము. అమ్మ వలదనుచున్నది. నీవైన నొక మాట చెప్పవా?" యని బ్రతిమాలినది.

అక్క వలదనుటకు కారణము నాకు దెలియును. నాకు తొమ్మిదేండ్ల ప్రాయమున మా తమ్ముడు ఊరి చెరువుమెట్లపై కాలుజారి నీట బడెను. గట్టుమీద నలుగురు పెద్ద స్త్రీలు బట్టలుతుకుచుండిరి. ఒక్కరికిని ఈత రాదు. కేకలు వేయుట తప్ప వారేమియు జేయలేకపోయిరి. పొలమునుండి మగవారు పరుగెత్తి వచ్చునప్పటికి అంతయు ముగిసినది. నాటినుండి మా యింట నీరనిన భయము. నేనును వలదనియే చెప్పబోవుచుండగా మావారు, "చూడకయే వలదనుటకంటె చూచి వలదనుట మేలు గదా" యనిరి. బంధువుల పెండ్లికి ఆ నగరమునకు బోవలసియే యుండుటచే, అక్కయు నేనును ఆ యాదివారమునకే చేరితిమి.

హుస్సేనుసాగరము పదునారవ శతాబ్దమున ఇబ్రహీం కుతుబ్ షా కాలమున గట్టిన చెరువు. నేడు దానిపై తెరచాప పడవల క్రీడ నేర్పు సంఘములు గలవు. వానిలో యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాదును సుహేం షేక్ గారు 2009లో స్థాపించిరి. అచ్చట బీద కుటుంబముల బాలబాలికలకు గూడ ఈ విద్య నేర్పుచున్నారు. అట్లు నేర్చిన కొంగర ప్రీతి 2023లో చైనాదేశపు హాంగ్జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో మన దేశము పక్షమున పడవ నడిపినది.

మేము చూచినది పందెము గాదు. స్నేహితులు కూడి నీటిపై గడపు దినము. బహుమతులు లేవు, గెలుపోటములు లేవు. తెలిసినవారొకరు, తెలియనివారొకరు జతగూడి యొక పడవ నెక్కుదురు. ఒకరు చుక్కాని బట్టగా, రెండవవారు తెరచాప త్రాడు పట్టుదురు. మధ్యాహ్నమున నందరును గట్టుపై గూర్చుండి తెచ్చుకొన్న ఫలహారములు పంచుకొందురు. మన వనభోజనములు నీటిమీదికి బోయినట్లు తోచినది.

కాని మొదట నేర్పినది విహారము గాదు, బోల్తాపడుట! ప్రతివారికిని తేలెడు చొక్కా తొడిగించి, బిగించి, పడవను కావలెననియే ఒరిగించి నీటబడవేయుదురు. మా పిల్ల వంతు వచ్చినప్పుడు అక్క నా చేయి గట్టిగా బట్టుకొనెను. పడవ ఒరిగినది. తెల్లని చాప నీటిపై బరచుకొన్నది. పిల్ల కానరాలేదు. నేను కన్నులు మూసికొంటిని. ఆ చెరువుమెట్లే కనబడినవి. కన్నులు తెరచునప్పటికి పిల్ల పడవ నంటిపెట్టుకొని తేలుచున్నది. పిదప పడవ అడుగున నుండు రెక్కవంటి బల్లపై నెక్కి వెనుకకు వాలగా, పడవ మెల్లగా లేచి నిలిచినది. "పడవను విడువరాదు, బెదరరాదు. ఇవి రెండే మొదటి పాఠములు" అని గురువుగారు చెప్పిరి.

మరియొక వింత తెలిసికొంటిని. తెరచాప పడవ గాలికి తిన్నగా ఎదురు పోజాలదు. కొంతదూరము కుడివైపునకు ఓరగా, కొంతదూరము ఎడమవైపునకు ఓరగా మరలుచు, ఎదురుగాలి వచ్చెడు దిక్కునకే చేరును. సంసారము నడుపు స్త్రీలకు ఈ నేర్పు క్రొత్తది గాదని అక్కయు నేనును నవ్వుకొంటిమి.

ఈ విద్య ఎంతదూరము గొనిపోగలదో వినుడు. 2017 సెప్టెంబరు 10వ తేదీన మన నౌకాదళపు స్త్రీలార్గురు "తారిణి" యను తెరచాప నావలో గోవానుండి బయలుదేరి, భూగోళమును చుట్టి 2018 మే 21వ తేదీన తిరిగివచ్చిరి. వారిలో విశాఖపట్టణపు స్వాతియు, హైదరాబాదు బొడ్డపాటి ఐశ్వర్యయు మన తెలుగు బిడ్డలే.

తల్లులకు నాలుగు మాటలు. తేలెడు చొక్కా కట్టులన్నియు బిగించిన గాని పిల్లను పడవ యెక్కనీయకుడు. చీర, ఓణీ పనికిరావు. ఒంటికి హత్తుకొను దుస్తులు వేసి, జడ గట్టిగా అల్లుడు. నగరపు చెరువులలో మురుగు చేరును గావున ఆ నీరు నోట బోకుండ జూచుకొని, ఇంటికి రాగానే స్నానము చేయవలెను. మబ్బు పట్టినను, గాలి ముదిరినను ఆ దినము మానుకొనవలెను. అన్నిటికంటె ముందు ఈత నేర్పించుడు. మన పల్లెలలో మగపిల్లలు నడుమునకు బెండు గట్టుకొని దిగుడుబావులలో ఈత నేర్తురు. ఆడుపిల్లలు గట్టుపై నుండి చూతురు. నాడు మా చెరువుగట్టున నలుగురిలో నొక్కరికి ఈత వచ్చియున్నచో, నేడు నాకు తమ్ముడు మిగిలియుండెడివాడేమో.

సాయంకాలము పిల్ల తడిజుట్టుతో వచ్చి తల్లి ముఖము జూచెను. అక్క ఔననలేదు, కాదనలేదు. గురువుగారివైపు దిరిగి, "అయ్యా, నలువది దాటినవారికి గూడ ఈత నేర్పుదురా?" యని యడిగినది.

మీ యిండ్లలో ఈత నేర్చిన యాడువారెందరో నాకు వ్రాయుడు. సెలవు.