చికిత్స ఉచితమే, మరి దారి ఖర్చు ఎవరిది?

మన రాష్ట్రంలో పేదలకు క్యాన్సర్ చికిత్స ఉచితం. 2007లో ఆరోగ్యశ్రీగా ఆరంభమై నేడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో కొనసాగుతున్న పథకం శస్త్రచికిత్స, కీమోథెరపీ, రేడియేషన్ ఖర్చులను భరిస్తున్నది. ప్రభుత్వాలు మారినా, పేర్లు మారినా పథకం నిలిచి ఉండటం హర్షణీయం. అయినా తిరువూరు వంటి పట్టణాలలో, చుట్టుపక్కల పల్లెలలో మన కుటుంబాలు క్యాన్సర్ మాట వినగానే సగం ఓడిపోయినట్టు ఎందుకు కుంగిపోతున్నాయి? వ్యాధి ముదిరేదాకా ఆసుపత్రి గడప ఎందుకు తొక్కలేకపోతున్నాయి? ఈ ప్రశ్నలకు జవాబును ఇంటికీ ఆసుపత్రికీ మధ్యనున్న దారిలో వెతకవలసి ఉన్నదని మేము భావిస్తున్నాం.

ఎన్టీఆర్ జిల్లాలో తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉన్న పట్టణం తిరువూరు. ఇక్కడి నుంచి విజయవాడ సుమారు 75 కిలోమీటర్లు. రేడియేషన్ యంత్రం ప్రతి పట్టణంలోనూ నెలకొల్పగలిగేది కాదు గనుక నగరానికి పోక తప్పదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు రేడియేషన్‌ను సాధారణంగా వారానికి 5 రోజుల చొప్పున 5 వారాలు, అంటే సుమారు 25 విడతలుగా ఇస్తారు. రోగి రోజూ ఇంటి నుంచే వెళ్లి రావలసి వస్తే దినానికి 150 కిలోమీటర్లు, మొత్తం మీద 3,750 కిలోమీటర్ల ప్రయాణం అవుతుంది. నీరసంతో తూలిపోతూ, కడుపులో తిప్పుతుండగా ఒక తల్లి చేయవలసిన ప్రయాణమిది.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద రాష్ట్రంలోని మహిళలకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణం లభించడం కొంత ఊరట. కానీ ఆమె ఒంటరిగా పోలేదు. తోడుగా వెళ్లే భర్తకో కొడుక్కో టికెట్టు తప్పదు, దానికంటే పెద్ద నష్టం ఆ రోజు కూలి. మన వాళ్లలో అధికులు పంక్చర్ షాపు, మాంసం దుకాణం, పండ్ల బండి, దర్జీ పని, లారీ మీద పని వంటి ఏ రోజు సంపాదన ఆ రోజు తినే వృత్తులలో ఉన్నవారే. దుకాణం మూసిన పూట పొయ్యి వెలగదు. ఇంట్లో పసిపిల్లలుంటే వారిని చూసుకునే మనిషి కావాలి. ఈ ఒత్తిళ్ల నడుమ పదో విడత దగ్గరో పదిహేనో విడత దగ్గరో చికిత్స ఆగిపోతే, అంతవరకు ప్రభుత్వం పెట్టిన ఖర్చూ, రోగి పడిన బాధా వృథా అవుతాయి. మధ్యలో తెగిన రేడియేషన్ ఆశించిన ఫలితాన్ని ఇవ్వదు.

సరిహద్దు ప్రాంతం కావడం మరొక చిక్కు. ఇక్కడి వారికి బంధుత్వాలు ఖమ్మం వైపు ఉన్నాయి, రాకపోకలు హైదరాబాదుతో ఉన్నాయి. 1955లో స్థాపితమైన ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి పేరు తెలియని తెలుగు పేదవాడు అరుదు. కానీ రాష్ట్రం దాటగానే మహిళల ఉచిత ప్రయాణం వర్తించదు. మన స్త్రీ శక్తి అంతర్రాష్ట్ర బస్సులకు లేదు, తెలంగాణ మహాలక్ష్మి అక్కడి నివాసులకే పరిమితం. ఏ ఆసుపత్రిలో ఏ కార్డు చెల్లుతుందో చెప్పేవారు లేక, కాగితాల సంచీ పట్టుకుని కౌంటరు నుంచి కౌంటరుకు తిరిగే కుటుంబానికి రోజులు కరిగిపోతాయి. క్యాన్సర్ మాత్రం ఎవరి కోసమూ ఆగదు.

ఆలస్యం అసలు ఇంట్లోనే మొదలవుతున్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 30 నుంచి 49 ఏళ్ల మహిళలలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవారు నూటికి 2 మంది కూడా లేరు. రొమ్ము పరీక్ష చేయించుకున్నవారు నూటికి ఒక్కరైనా లేరు. 2022 అంతర్జాతీయ అంచనాల ప్రకారం ఆ ఏడాది దేశంలో సుమారు 14 లక్షల కొత్త క్యాన్సర్ కేసులు రాగా, 9 లక్షలకు పైగా మరణాలు సంభవించాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఒక్కటే దాదాపు 80 వేల మంది స్త్రీలను బలిగొన్నది. ముందుగా గుర్తిస్తే నయమయ్యే వ్యాధి ఇది. దాని పరీక్షలలో ఒకదానికి పెద్ద యంత్రమేమీ అక్కరలేదు. పలుచని ఎసిటిక్ ఆమ్లం పూసి కంటితో చూసే ఆ పరీక్షను శిక్షణ పొందిన నర్సు ఊరి ఆసుపత్రిలోనే చేయగలదు.

అందుబాటులో ఉన్న పరీక్షకు సైతం మన ఆడపడుచులు ఎందుకు రాలేకపోతున్నారు? పరీక్ష చేసేది స్త్రీయో పురుషుడో ముందుగా తెలియదు. తెర లేని గదిలో బట్టలు తొలగించమంటే ఏ స్త్రీ అయినా వెనుదిరుగుతుంది. బురఖాను చూసి చులకనగా అన్న మాట ఒక్కటి చెవిన పడినా ఆమె మళ్లీ ఆ గడప తొక్కదు. ఇంట్లో ఉర్దూ మాత్రమే మాట్లాడే వృద్ధురాలికి డాక్టరు చెప్పింది సగమే బోధపడుతుంది. ఇవన్నీ సరిదిద్దగలిగిన లోపాలే. ముస్లింలు గణనీయంగా ఉన్న పెద్ద గ్రామాలలో దాదాపు 40 శాతం వాటికి ఎటువంటి వైద్య సదుపాయమూ లేదని 2006లోనే సచార్ కమిటీ తేల్చి చెప్పింది. ఆ నివేదికను విద్య, ఉద్యోగాల చర్చలో తరచూ ప్రస్తావించే మనం అందులోని వైద్యం మాటను మరిచాం.

రోగానికి మతమేమిటి అని కొందరు ప్రశ్నించవచ్చు. నిజమే, రోగానికి మతం లేదు. కానీ రోగి వైద్యుని వద్దకు చేరే దారిలో పేదరికం ఉంది, దూరం ఉంది, వివక్ష ఉంది. ఈ దారిలో దళితులు, గిరిజనులు, ముస్లింలు పక్కపక్కనే నడుస్తున్నారు. పొరుగున ఉన్న ఎ.కొండూరు మండలం తండాలలో కిడ్నీ జబ్బులతో ఏళ్ల తరబడి బాధపడిన ప్రజలు గొంతెత్తాకే వారి గోడు రాష్ట్రం దృష్టికి వచ్చింది. క్యాన్సర్ విషయంలోనూ మనం కలిసి అడగవలసినవారమే.

ఈ దారిని సుగమం చేయవచ్చని నిరూపించిన ఉదాహరణ అమెరికాలో ఉంది. న్యూయార్కులో నల్లజాతి పేదలు అధికంగా నివసించే హార్లెం ప్రాంతపు ప్రభుత్వ ఆసుపత్రిలో 1986 వరకు రెండు దశాబ్దాలకు పైగా చికిత్స పొందిన రొమ్ము క్యాన్సర్ రోగులలో అయిదేళ్లు బతికినవారు 39 శాతమే. అక్కడి శస్త్రవైద్యుడు హెరాల్డ్ ఫ్రీమన్ తక్కువ ఖర్చుతో ముందస్తు పరీక్షలు అందుబాటులోకి తెచ్చి, 1990లో ప్రతి రోగికీ చివరిదాకా తోడు నడిచే సహాయకులను నియమించాడు. తేదీ ఇప్పించడం, కాగితాలు పూర్తి చేయడం, భయం పోగొట్టడం, రాని రోగిని వెతికి తీసుకురావడం వారి పని. 1995-2000 మధ్య రోగులలో అయిదేళ్లు బతికినవారు 70 శాతానికి చేరారు. ఆ సహాయకులు వైద్యులు కారు, దారి తెలిసిన మనుషులు.

మనకు ఆశా కార్యకర్తలున్నారు, ఆసుపత్రులలో వైద్యమిత్రలున్నారు. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఇంటింటి క్యాన్సర్ పరీక్షల కార్యక్రమాన్ని కూడా ఆరంభించింది. అయితే అనుమానం ఉందని చెప్పిన రోజు నుంచి చికిత్స ముగిసే రోజు వరకు ఒకే మనిషి బాధ్యత వహించే ఏర్పాటు కావాలి. అందుకే మేము ప్రభుత్వాన్ని ఈ కింది విధంగా కోరుతున్నాం. తిరువూరు ప్రభుత్వ ఆసుపత్రిలో నెలలో నిర్ణీత దినాన మహిళా వైద్యురాలితో, మరుగైన గదిలో పరీక్షలు జరపాలి. నియోజకవర్గానికి కనీసం ఒక క్యాన్సర్ సహాయకురాలిని నియమించాలి, ఆమెకు ఉర్దూ కూడా తెలిసి ఉండాలి. రోగికి తోడు వెళ్లేవారికి బస్సు పాసు, కూలి నష్టానికి భత్యం ఇవ్వాలి. జిల్లా ఆసుపత్రులలో మూడేళ్లలో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు నెలకొల్పుతామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ఇచ్చిన హామీని ఈ జిల్లాలో త్వరగా అమలుచేసి, కీమో విడతలను ఇంటికి దగ్గర చేయాలి. పరీక్షల ఫలితాలను మండలాల వారీగా, సామాజిక వర్గాల వారీగా ప్రకటించాలి. లెక్క బయటపడనిదే అన్యాయమూ బయటపడదు.

రొమ్ము క్యాన్సర్ అనుమానంతో వచ్చిన రోగికి 60 రోజులలోగా నిర్ధారణ పూర్తి కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లక్ష్యంగా పెట్టింది. తిరువూరు స్త్రీకి కూడా అదే గడువు వర్తించాలి.

ప్రభుత్వాన్ని నిలదీసే మనకు మన వంతు బాధ్యత కూడా ఉంది. రొమ్ములో గడ్డ, ముట్లు ఆగిన తరువాత రక్తస్రావం, నోట్లో మూడు వారాలైనా మానని పుండు కనిపిస్తే దాచరాదని జుమా ప్రసంగంలో ఇమాములు చెప్పగలరు. జర్దా, గుట్కా నోటి క్యాన్సర్‌కు దారితీస్తాయని యువకులకు గట్టిగా చెప్పాలి. రమజాన్‌లో చికిత్స ఆపాలనుకునే రోగికి, అనారోగ్యులకు ఉపవాసం నుంచి ధర్మమే మినహాయింపు ఇచ్చిందని గుర్తుచేయాలి. నిరుపేద రోగి జకాత్‌కు అర్హుడు. మస్జిద్ కమిటీలు తమ బైతుల్ మాల్‌లో కొంత భాగాన్ని ప్రయాణ ఖర్చులకు, విజయవాడలో బసకు కేటాయించవచ్చు. చదువుకున్న మన అమ్మాయిలలో ఇద్దరు ముగ్గురు ముందుకు వస్తే ఆడవారిని పరీక్షకు వెంటబెట్టుకుని వెళ్లగలరు. పరీక్షకు పోతానన్న భార్యను, తల్లిని ఇంటి మగవారు ఆపకూడదు.

రోగిని పరామర్శించడం మన ధర్మంలో హక్కుగా చెప్పబడింది. మంచం పక్కన కూర్చుని దుఆ చేసి రావడంతో ఆ హక్కు తీరిందనుకోకుండా, రోగితో కలిసి బస్సు ఎక్కడం, ఆసుపత్రి వరుసలో నిలబడటం కూడా అందులో భాగమని గ్రహిద్దాం. వచ్చే జుమా నాడు ప్రతి మస్జిద్ తన మహల్లాలో అటువంటి తోడు అవసరమైన కుటుంబాలను గుర్తించే పని మొదలుపెట్టాలని, ఆ వివరాలతో పైన చెప్పిన కోర్కెలను తిరువూరు ప్రజాప్రతినిధుల ముందు ఉంచాలని విజ్ఞప్తి చేస్తున్నాం.